యుద్ధం వాళ్లది, జరిమానా రైతుకా?



ఈ మధ్య గ్రామ కమిటీ సమావేశాల్లో మనవాళ్లే అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఉక్రెయిన్‌లో ఎవరు ఎవరితో కొట్టుకుంటే మనకేంటి? ఇరాన్ మీద బాంబులు పడితే మనకేంటి? సంఘం వాళ్లు మద్దతు ధర సంగతి చూసుకోక ఈ దేశదేశాల గొడవలన్నీ నెత్తికెత్తుకోవడం ఎందుకు?" అని. అడగడంలో తప్పు లేదు. మేము మాత్రం ఒక్కటే చెబుతున్నాం. 2025 వానాకాలంలో యూరియా కట్ట కోసం మనం నిలబడ్డ లైను, భీమవరంలో రొయ్య రైతు నష్టానికి పట్టిన చెరువు, రేపు పత్తి బండి తోలుకుపోతే వ్యాపారి చెప్పబోయే ధర, ఈ మూడూ ఆ గొడవలతో ముడిపడే ఉన్నాయి. ముడి ఎక్కడ పడిందో తెలియకపోతే విప్పమని ఎవర్ని అడుగుతాం?

ఆంబోతుల పోట్లాటలో లేగదూడలు నలిగినట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు. అయితే దూడల్ని ఆంబోతుల మధ్యకు తోలిన కాపరి కూడా ఉంటాడు కదా? ఆ కాపరి గురించే ఈ వ్యాసం. యుద్ధం ఆపడం మన ఊరి చేతిలో లేదు. యుద్ధం వల్ల వచ్చే నష్టం ఎవరి నెత్తిన పడాలో తేల్చేది మాత్రం మాస్కో కాదు, వాషింగ్టన్ కాదు. ఢిల్లీ, హైదరాబాద్, అమరావతి.

యూరియా లైను ఎక్కడ మొదలైంది?

2025 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సొసైటీల ముందు మనం చూసింది చెప్పనక్కర్లేదు. తెల్లవారక ముందే చెప్పులు, పాసుపుస్తకాల జిరాక్సులు వరసలో పెట్టి మనుషులు పక్కన కూర్చున్నారు. ఆధార్‌కు ఒక కట్ట, రెండు కట్టలు అన్నారు. కౌలు రైతుకు పాసుపుస్తకం లేదు కాబట్టి కొన్నిచోట్ల ఆ ఒక్క కట్ట కూడా లేదన్నారు. నాట్లేసి ఇరవై, ముప్పై రోజులైన వరికి పైపాటు మందు పడకపోతే పిలక రాదు. ఆ పిలక మళ్లీ సంక్రాంతికి వస్తుందా?

ఇప్పుడు ఈ కట్ట వెనక కథ చూద్దాం. మన దేశం ఏడాదికి 380 లక్షల టన్నులకు పైగా యూరియా వాడుతోంది. అందులో 300 లక్షల టన్నుల పైచిలుకు ఇక్కడే తయారవుతుంది, మిగిలింది ఓడల మీద రావాలి. ఇక్కడ తయారయ్యే యూరియాకు కూడా ముడిసరుకు సహజవాయువు. ఆ గ్యాస్‌లో ఎక్కువ భాగం ద్రవరూపంలో ఖతార్ లాంటి దేశాల నుంచి ఓడల్లోనే వస్తుంది. ఖతార్ నుంచి బయలుదేరిన ప్రతి ఓడా ఇరాన్ పక్కనున్న హోర్ముజ్ జలసంధి దాటి రావాల్సిందే. అంటే స్వదేశీ యూరియా అనుకునేది కూడా సగం పరదేశీయే.

2025 జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడికి దిగింది. అదే రోజుల్లో ఇజ్రాయెల్ తన గ్యాస్ క్షేత్రాలు మూసేయడంతో ఈజిప్టుకు పోయే గ్యాస్ ఆగింది, ఈజిప్టు యూరియా ఫ్యాక్టరీలు ఆగాయి. ఇరాన్ ఫ్యాక్టరీలూ ఆగాయి. ప్రపంచ మార్కెట్లో యూరియా ధర కొద్ది రోజుల్లోనే ఎగబాకింది. మన దేశం పిలిచిన టెండర్లలో అడిగినంత సరుకు దొరకలేదు. చైనా అయితే 2021 నుంచే ఎరువుల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టుకుంటూ వస్తోంది. మనకు చైనా నుంచి వచ్చే డీఏపీ 2024-25లో అంతకు ముందు ఏడాదిలో సగానికన్నా పడిపోయింది.

ఇంతవరకు చెప్పింది యుద్ధం సంగతి. మన పాలకుల సంగతి ఇక్కడ మొదలవుతుంది. 2024 ఆగస్టు మొదటి వారానికి దేశంలో యూరియా నిల్వ 86 లక్షల టన్నులుంటే, 2025లో అదే రోజుకు 37 లక్షల టన్నులే ఉంది. సగం కూడా లేదు. వానలు ముందే పడ్డాయి, వరి, మొక్కజొన్న విస్తీర్ణం పెరిగింది, ఇదంతా జూన్‌లోనే కనబడుతోంది. 12.7 లక్షల టన్నుల సామర్థ్యమున్న రామగుండం ఫ్యాక్టరీ సరిగ్గా మనకు అవసరమైన నెలల్లోనే చాలా రోజులు ఆగిపోయింది. మరి ముందుచూపు ఎవరిది? అడిగితే రాష్ట్రం కేంద్రాన్ని చూపించింది, కేంద్రం రాష్ట్రాన్ని చూపించింది. ఇద్దరూ కలిసి చివరికి రైతును చూపించారు: "అవసరానికి మించి వాడుతున్నారు, నిల్వ చేసుకుంటున్నారు" అని. ఎద్దు పుండు కాకికి ముద్దా?

యూరియా 45 కిలోల కట్ట 266 రూపాయల 50 పైసలే కదా, సబ్సిడీ ఎంత ఇస్తున్నామో చూడండి అంటారు. నిజమే, 2022-23లో ఉక్రెయిన్ యుద్ధం దెబ్బకు ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్లు దాటింది. అది మనకు దక్కిన మేలే, కాదనం. కానీ పొటాష్ సంగతి ఎవరూ మాట్లాడరు. పొటాష్ మొత్తం దిగుమతే. రష్యా, బెలారస్, కెనడాల నుంచి రావాలి. బెలారస్ మీద ఆంక్షలు పడ్డాయి, రష్యా యుద్ధంలోకి దిగింది. 2021లో వెయ్యి రూపాయల లోపున్న పొటాష్ కట్ట 2022కల్లా 1,700 అయింది. మిర్చికీ, వరికీ, పామాయిల్‌కీ పొటాష్ తగ్గించి వేసింది ఎవరు? మనమే. దిగుబడి తగ్గితే భరించింది ఎవరు? మనమే. ఆ లెక్క ఏ బడ్జెట్ పుస్తకంలోనూ ఉండదు.

చవక చమురు ఎవరికి? సుంకం ఎవరికి?

ఇక రెండో ముడి. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తింది. యూరప్, అమెరికా ఆంక్షలు పెట్టాయి. రష్యా తన చమురును తగ్గింపు ధరకు అమ్మింది. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో రష్యా చమురు 2 శాతం కూడా లేదు, తర్వాత మూడో వంతు దాటింది. చవకగా దొరికితే కొనడంలో తప్పు లేదు. ఎవరి దగ్గర కొనాలో మనకు అమెరికా చెప్పేదేంటి? చైనా మనకంటే తక్కువేమీ కొనడం లేదు, ఆ పేరుతో దాని మీద అదనపు సుంకం వేయలేదు. ఈ విషయంలో మనకు రెండో మాట లేదు.

మన ప్రశ్న వేరు. ఆ చవక చమురు లాభం ఎక్కడికి పోయింది?

2022 జూన్‌లో మన దేశం కొనే ముడిచమురు సగటున పీపా 115 డాలర్లు దాటింది. 2025 ఆగస్టులో 70 డాలర్ల లోపే. హైదరాబాద్‌లో డీజిల్ అప్పుడు లీటరు 97 రూపాయల పైన, 2025 ఆగస్టులో 95 రూపాయల పైన. తగ్గింది రెండు రూపాయలు, అదీ 2024 ఎన్నికల ముందు. 2025 ఏప్రిల్‌లో ఎక్సైజ్ సుంకం రెండు రూపాయలు పెంచి, "బంకులో ధర పెరగలేదు కదా" అన్నారు. పెరగలేదు, కానీ తగ్గాల్సింది తగ్గలేదు. 2022లో ప్రభుత్వ చమురు కంపెనీలకు కొన్నాళ్లు నష్టం వచ్చిన మాట నిజం. ఆ తర్వాతి ఏడాది, 2023-24లో, ఆ మూడు కంపెనీల లాభం సుమారు 81 వేల కోట్లు. ప్రైవేటు రిఫైనరీలు అదే చమురును శుద్ధి చేసి యూరప్‌కు అమ్ముకున్నాయి. దుక్కికి, కోతకు, పంట తరలింపుకు డీజిల్ పోసే రైతుకు మాత్రం పాత ధరే.

సరే, లాభం రాలేదు. జరిమానా వచ్చింది. రష్యా చమురు కొంటున్నారని అమెరికా అధ్యక్షుడు ట్రంప్ 2025 ఆగస్టు 7 నుంచి ఉన్న 25 శాతం సుంకానికి తోడు ఆగస్టు 27 నుంచి ఇంకో 25 శాతం కలిపాడు. మొత్తం 50 శాతం అయింది. మరి ఈ జరిమానా చమురు మీద పడిందా? రిఫైనరీల మీద పడిందా? లేదు. రొయ్య మీద పడింది, బట్ట మీద పడింది.

2024-25లో మన దేశం 62 వేల కోట్ల రూపాయల పైచిలుకు విలువైన సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. అందులో అన్నిటికన్నా పెద్ద కొనుగోలుదారు అమెరికా, పెద్ద సరుకు రొయ్య. సాగు రొయ్యలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది. యాంటీ డంపింగ్, ఇతర సుంకాలు కలుపుకుంటే మన రొయ్య మీద భారం 58 శాతం దాటింది. ఈక్వెడార్ రొయ్య మీద అప్పుడు 15 శాతమే. అమెరికా వ్యాపారి ఎవరి దగ్గర కొంటాడో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. సగం ఆర్డర్లు రద్దయ్యాయని, నష్టం 25 వేల కోట్ల దాకా ఉంటుందని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రే 2025 సెప్టెంబరులో కేంద్రానికి లేఖ రాశారు.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. 2025 ఏప్రిల్‌లో సుంకం ప్రకటన వచ్చీ రాకముందే, అది అమల్లోకి కూడా రాకముందే, కొనేవాళ్లు చెరువు గట్టు మీద కిలోకు 30, 40 రూపాయలు కోసేశారు. అమెరికాకు పోయే పెద్ద కౌంటుకే కాదు, ఎక్కువగా చైనాకు పోయే వంద కౌంటుకు కూడా కోశారు. అమెరికా సుంకానికీ, చైనాకు పోయే రొయ్యకూ సంబంధం ఏమిటి? యుద్ధం పేరు చెబితే చాలు, గట్టు మీద అడిగే దిక్కు లేదని వాళ్లకు తెలుసు. మేత ధర తగ్గిందా? కరెంటు బిల్లు తగ్గిందా? చెరువు లీజు తగ్గిందా? తగ్గింది రైతు ధర ఒక్కటే.

చమురు లాభం ఒకరి జేబులోకి, చమురు జరిమానా ఇంకొకరి చెరువులోకి. దీన్ని విధి అనలేం. ఇది విధానం.

మాట ఆగస్టు 7న, చేత ఆగస్టు 18న

2025 ఆగస్టు 7న ఢిల్లీలో స్వామినాథన్ శతజయంతి సభలో ప్రధానమంత్రి మాట్లాడుతూ, రైతులు, పశుపోషకులు, మత్స్యకారుల ప్రయోజనాల విషయంలో రాజీ పడబోనని, అందుకు వ్యక్తిగతంగా భారీ మూల్యం చెల్లించాల్సి వచ్చినా సిద్ధమేనని అన్నారు. మంచి మాట. మేమూ చప్పట్లు కొట్టేవాళ్లమే.

పదకొండు రోజులు తిరిగాయి. ఆగస్టు 18న పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకం ఎత్తేస్తూ నోటిఫికేషన్ వచ్చింది. మొదట సెప్టెంబరు 30 దాకా అన్నారు. పది రోజులకే డిసెంబరు 31 దాకా పొడిగించారు. మన దగ్గర పత్తి తీతలు మొదలయ్యేది ఎప్పుడు? దసరా ముందు వెనకల. మార్కెట్‌కు వరదలా వచ్చేది ఎప్పుడు? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సరిగ్గా ఆ మూడు నెలలకే గేటు బార్లా తెరిచారు. ఇది కాకతాళీయమని ఎవరైనా అంటే నమ్మడానికి మనం పత్తి పండించడం మానేసి ఉండాలి.

అమెరికా సుంకం వల్ల బట్టల మిల్లులకు దెబ్బ తగిలింది, వాళ్లకు ఊరట కోసం ఇలా చేశామంటారు. మిల్లు కార్మికుడి కష్టం మాకు తెలుసు, ఆయన మనవాడే. కానీ మిల్లును ఆదుకోవడానికి రైతు జేబే దొరికిందా? ఖజానా లేదా? అమెరికా పత్తి రైతుకు వాళ్ల ప్రభుత్వం దండిగా సబ్సిడీ ఇస్తుంది. ఆ సబ్సిడీ పత్తి సుంకం లేకుండా దిగితే, ఆదిలాబాద్, వరంగల్, ఖమ్మం, గుంటూరు, కర్నూలు పత్తి రైతు దాంతో పోటీ పడాలట. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే.

పొడుగు పింజ పత్తికి 2025-26లో మద్దతు ధర క్వింటా 8,110 రూపాయలు. కాగితం మీద బాగానే ఉంది. కానీ సీసీఐ కేంద్రం తెరవాలి, ఫోన్‌లో యాప్‌లో పేరు నమోదు కావాలి, స్లాట్ దొరకాలి, తేమ 12 శాతం దాటకూడదు. కౌలు రైతు పేరు యాప్‌లో ఎక్కాలంటే ఇంకో యుద్ధం చేయాలి. అక్టోబరు వానల్లో తడిసిన పత్తిలో తేమ ఎంతుంటుందో కొనుగోలు నిబంధనలు రాసినవాళ్లకు తెలుసా? ఇవన్నీ దాటలేనివాడు ప్రైవేటు వ్యాపారి ముందు నిలబడాలి. ఆ సుంకం ఎత్తివేతతో వ్యాపారి చేతికి కొత్త మాట వచ్చింది: "బయటి పత్తి చవకగా వస్తోంది అన్నా, ఇంతకంటే పెట్టలేం." ఆ మాట వ్యాపారి నోట్లో పెట్టింది ఎవరో మనం మరిచిపోకూడదు.

పెరిగితే మూత, పడితే బార్లా

ఇది ఒక్క పత్తి కథ కాదు. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన నాటి నుంచి వరసగా చూడండి.

2022 ఏప్రిల్‌లో ప్రపంచానికి తిండి పెట్టడానికి భారత్ సిద్ధంగా ఉందన్నారు. యుద్ధం వల్ల గోధుమ ధర పెరిగి, ఉత్తరాది రైతుకు మద్దతు ధర కంటే నాలుగు రూపాయలు ఎక్కువ దక్కే రోజు వచ్చింది. మే 13న గోధుమ ఎగుమతి నిషేధించారు. 2023 జులై 17న నల్ల సముద్రం ధాన్యం ఒప్పందం నుంచి రష్యా తప్పుకుంది. మూడు రోజులకే, జులై 20న, మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. కాకినాడ రేవు నుంచి ఆఫ్రికాకు పోయే బియ్యానికి తాళం పడింది. ఆ తాళం తీసింది 2024 సెప్టెంబరు 28న. పద్నాలుగు నెలలు.

దేశంలో పేదవాడికి తిండి గింజ చవకగా దొరకాలి, మాకూ అదే కావాలి. రేషన్ బియ్యం తినేది కూడా మన కూలీలే, మనమే. కానీ దానికి రైతు నుంచి మంచి ధరకు కొని ప్రభుత్వం చవకగా ఇవ్వాలి. ఎగుమతి ఆపి, ధర పడగొట్టి, ఆ నష్టం రైతు చేత కట్టించడం ఏం న్యాయం?

ఇప్పుడు వంట నూనె చూడండి. 2022లో ఉక్రెయిన్ నుంచి పొద్దుతిరుగుడు నూనె ఆగింది. ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి నిషేధించింది. అశ్వారావుపేట, దమ్మపేట, సత్తుపల్లి ప్రాంతాల్లో పామాయిల్ గెలలు టన్ను 20 వేలు దాటాయి. వరి మానుకోండి, పామాయిల్ వేయండి, దేశానికి నూనె స్వావలంబన కావాలి అని అధికారులు ఊరూరా తిరిగి చెప్పారు. చాలామంది వేశారు. మొక్క కాపుకు రావడానికి నాలుగేళ్లు పడుతుంది. ఈలోగా ప్రభుత్వం దిగుమతి సుంకాలు తగ్గించింది, ప్రపంచ ధర కూడా పడింది, ఏడాది తిరిగేసరికి టన్ను 15 వేల లోపుకు జారింది. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద 20 శాతం సుంకం వేస్తే కాస్త ఊపిరి ఆడింది. 2025 మే 30న దాన్ని మళ్లీ 10 శాతానికి తగ్గించారు. నాలుగేళ్ల పంటకు నాలుగు నెలలకోసారి మారే సుంకమా? 2021లో పెట్టిన పామాయిల్ మిషన్‌లో ధర పడితే ఆదుకునే లాభదాయక ధర ఇస్తామని రాశారు. ఆ రాతను అమలు చేయమని మనం ఎన్నిసార్లు అడగాలి?

కంది సంగతీ అంతే. మయన్మార్, మొజాంబిక్, టాంజానియాల నుంచి సుంకం లేకుండా కంది దిగుతుంటే తాండూరు కందికి మద్దతు ధర ఎలా దక్కుతుంది?

లెక్క సూటిగా ఉంది. యుద్ధం వల్ల మన పంట ధర పెరిగితే ఎగుమతి గేటు మూస్తారు. మన పంట ధర పడితే దిగుమతి గేటు తెరుస్తారు. రెండుసార్లూ యుద్ధమే సాకు. రెండుసార్లూ నష్టం ఒకరికే.

అమెరికా ఏం చేసిందో చూడండి

"ప్రపంచ పరిస్థితి అలా ఉంది, మేమేం చేయగలం" అని చేతులెత్తేసేవాళ్లకు మేము అమెరికానే చూపిస్తాం. 2018లో ట్రంప్ చైనాతో వాణిజ్య యుద్ధానికి దిగాడు. చైనా ఎదురు సుంకం వేసి అమెరికా సోయాబీన్ కొనడం తగ్గించింది. అప్పుడు అమెరికా ప్రభుత్వం తన రైతులకు 2018లో 12 బిలియన్ డాలర్లు, 2019లో 16 బిలియన్ డాలర్ల సాయం ప్రకటించింది. రైతు వల్ల కాని గొడవలో రైతు నష్టపోతే ఖజానా భరించాలని వాళ్లు ఒప్పుకున్నారు. 2025లో కూడా చైనా సోయా కొనడం ఆపేయడంతో అక్కడి రైతు గగ్గోలు పెట్టాడు. అంటే అమెరికా రైతు మనకు శత్రువు కాదు, వాడూ ఈ ఆటలో పావే. తేడా ఏమిటంటే వాడి వెనక ఖజానా ఉంది, మన వెనక ఉపన్యాసం ఉంది.

అదే అమెరికా ఇప్పుడు తన మిగులు సరుకు మన మీదకు తోయాలని చూస్తోంది. 140 కోట్ల మంది ఉన్న దేశం మా మొక్కజొన్న ఎందుకు కొనదు అని వాళ్ల వాణిజ్య మంత్రి హోవార్డ్ లుట్నిక్ 2025 సెప్టెంబరులో బహిరంగంగానే అడిగాడు. జన్యుమార్పిడి మొక్కజొన్న, సోయా, పాల ఉత్పత్తులు వాళ్ల జాబితాలో ఉన్నాయి. పాడి అంటే మన దగ్గర రెండు గేదెలు కట్టుకుని పిల్లల ఫీజులు కట్టే ఆడవాళ్ల బతుకు. రొయ్య మీద సుంకం తగ్గించడానికి బదులుగా పాలను, మొక్కజొన్నను ఇచ్చేస్తే, ఒక రైతు గాయానికి ఇంకో రైతు చర్మం కోసి కట్టినట్టే.

అడిగితే దేశద్రోహమా?

యుద్ధం వల్ల ఇంకో నష్టం ఉంది, అది డబ్బులో లెక్కకు రాదు. యుద్ధం మాట వినిపిస్తే చాలు, ప్రశ్న ఆగిపోవాలంటారు. డీజిల్ ధర అడిగితే "దేశం కష్టంలో ఉంటే నీకు డీజిల్ కావాలా" అంటారు. సుంకం ఎందుకు ఎత్తేశారంటే "అమెరికాతో పోరాడుతుంటే వెన్నుపోటా" అంటారు. టీవీ చర్చల్లో గంటలకొద్దీ క్షిపణుల బొమ్మలు చూపిస్తారు. సొసైటీ ముందు లైను మూడు నిమిషాలు.

దేశభక్తి మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. సరిహద్దులో కాపలా కాసే జవాను మన ఇంటి పిల్లవాడే. ఎడారి దేశాల్లో ఎండకు మాడుతున్నది జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల రైతుల బిడ్డలే. 2025 జూన్‌లో గల్ఫ్ ఆకాశంలో క్షిపణులు ఎగిరినప్పుడు ఇక్కడ నిద్ర పట్టనిది వాళ్ల తల్లులకే. ఉద్యోగమని నమ్మి రష్యా వెళ్లి, సైన్యంలో ఇరుక్కుని, ఉక్రెయిన్ యుద్ధంలో 2024లో ప్రాణం పోగొట్టుకున్న వాళ్లలో హైదరాబాద్ యువకుడు ఉన్నాడు. సేద్యం గిట్టి, చేతికి పని దొరికితే మన పిల్లలు పరాయి యుద్ధాల దగ్గరకు ఎందుకు పోతారు?

గాజాలో ఏం జరిగిందో కూడా చూడండి. అక్కడి సాగు భూమిలో 5 శాతం కూడా సేద్యానికి పనికొచ్చే స్థితిలో లేదని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2025లో చెప్పింది. తాతలు నాటిన ఆలివ్ తోటలు బుల్డోజర్ల కింద పోయాయి. ఉక్రెయిన్‌లో రైతు దుక్కి దున్నాలంటే నేలలో మందుపాతర ఉందేమోనని భయం. ఏ జెండా కింద ఉన్నా రైతుకు యుద్ధం చేసిన మేలు లేదు. అందుకే రైతు సంఘం శాంతి గురించి మాట్లాడటం కత్తిపీట దురద కాదు, కంద దురదే.

మనం ఏం అడుగుతున్నాం

ఏడ్చి ఊరుకుంటే లాభం లేదు. రాబోయే మండల సదస్సుల్లో ఈ కింది డిమాండ్ల మీద తీర్మానాలు చేసి తహసీల్దార్లకు, కలెక్టర్లకు, ఎంపీలకు అందించాలని మేము కోరుతున్నాం.

ఒకటి. సుంకాల వల్ల, ఎగుమతి నిషేధాల వల్ల నష్టపోయిన రైతుకు నేరుగా పరిహారం ఇవ్వాలి. రొయ్య రైతుతో మొదలుపెట్టాలి. ఎగుమతిదారుడికి ఇచ్చే ఊరట చెరువు గట్టు దాకా వస్తుందని మేము నమ్మం.

రెండు. పత్తి మీద 11 శాతం సుంకం ఉండాలి. సీసీఐ కేంద్రాలు తీతల నాటికే తెరవాలి. యాప్ లేనివాడి పత్తి, కౌలు రైతు పత్తి కూడా కొనాలి.

మూడు. జూన్ 1 నాటికి రాష్ట్రంలో ఎంత ఎరువు నిల్వ ఉందో జిల్లాల వారీగా ప్రకటించాలి. రామగుండం నిరంతరాయంగా నడవాలి, అక్కడి యూరియాలో తెలంగాణ వాటా పెంచాలి. కౌలు రైతుకు ఆధార్ మీదే ఎరువు ఇవ్వాలి.

నాలుగు. ఏ పంట దిగుమతి అయినా మద్దతు ధర కంటే తక్కువకు దేశంలో దిగకుండా సుంకం ఉండాలి. పామాయిల్‌కు రాసిచ్చిన లాభదాయక ధర అమలు చేయాలి.

ఐదు. ముడిచమురు తగ్గినప్పుడు డీజిల్ తగ్గించాలి. సేద్యానికి వాడే డీజిల్ మీద పన్నులు తీసేయాలి.

ఆరు. అమెరికాతో గానీ, ఇంకెవరితో గానీ చేసుకునే వాణిజ్య ఒప్పందం ముసాయిదాను సంతకానికి ముందే పార్లమెంటులో, రాష్ట్ర శాసనసభల్లో చర్చకు పెట్టాలి. పాలు, మొక్కజొన్న, సోయా అందులో ఉండకూడదు.

ఏడు. స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు మొత్తం ఖర్చుకు సగం కలిపి మద్దతు ధర, దానికి చట్టబద్ధత. ఆయన శతజయంతి సభల కంటే ఆయన మాట అమలు చేయడమే ఆయనకు గౌరవం.

మన వైపు నుంచి కూడా చేయాల్సింది ఒకటుంది. ఓడ మీద వచ్చే కట్ట మీద ఎంత తక్కువ ఆధారపడితే అంత స్వేచ్ఛ. వచ్చే వేసవిలో తొలకరికి ముందే జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లుకుని దున్నేద్దాం. పశువుల ఎరువు అమ్ముకోకుండా చేలో వేద్దాం. మట్టి పరీక్ష చేయించి, అవసరమైనంతే మందు వేద్దాం. ఇది ప్రభుత్వానికి సాకు కాకూడదు. శ్రీలంకలో 2021లో రాత్రికి రాత్రి రసాయన ఎరువులు ఆపేసి రైతును ఎండగట్టిన సంగతి మనకు తెలుసు. మెల్లగా, మన ఇష్టంతో, మన లెక్కతో చేయాలి. అందుకు పచ్చిరొట్ట విత్తనం సమయానికి సబ్సిడీ మీద ఇవ్వమని ఇప్పటి నుంచే అడగాలి.

పత్తి బండ్లు కదిలే రోజులివి. ప్రతి గ్రామ కమిటీ తన మార్కెట్ యార్డులో రోజూ పత్తి ఎంతకు అడిగారు, తేమ ఎంత చూపించారు, ఎంత కోత పెట్టారు అన్నది ఒక నోటు పుస్తకంలో రాయాలి. తూకం చీటీల ఫొటోలు తీసి పెట్టాలి. రొయ్య సాగు ఉన్న చోట కౌంటు వారీగా ధర రాయాలి. నెలాఖరుకు ఆ పుస్తకాలు జిల్లా కార్యాలయానికి చేర్చండి. "ప్రపంచ పరిస్థితి" అని వాళ్లు అన్నప్పుడు, మన యార్డు పరిస్థితి ఇదీ అని తేదీలతో, అంకెలతో ముందు పెడదాం. అప్పుడు తప్పించుకోవడానికి వాళ్లకు ఉక్రెయిన్ కూడా చాలదు.